మొన్సెర్రాతె కొండకు రెండు దారులు

బొగొతా నగరం నడిబొడ్డున, పావురాలు ముసిరే పెద్ద చౌకులో బస్సు దిగగానే బెలార్మినో చేసిన మొదటి పని, మోకాళ్ళ దాకా వేలాడే ఉన్ని రువానా లోపలికి చెయ్యి పోనిచ్చి చొక్కా జేబు తడుముకోవడం. రెండో పని, పక్కన నిలబడ్డ ఎర్మిందా ఎటు చూస్తోందో చూడడం.

ఆమె తూర్పుకు చూస్తోంది. తూర్పున ఇళ్ళ కప్పుల మీదుగా నల్లటి కొండ, దాని నెత్తిన తెల్లటి చర్చి. మొన్సెర్రాతె. అతను టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు.

అది చర్చి తరఫున వేసిన బస్సు. ఇరవై ఎనిమిది మంది ఎక్కారు, అందరూ తుంహా అవతల బంగాళాదుంప పండించేవాళ్ళే. రాజధాని చూసొద్దామని ఏడాదికోసారి బయలుదేరతారు. సాయంత్రం నాలుగింటికి మళ్ళీ అందరూ ఇదే చౌకుకు చేరాలి. ఈ లోపల ఎవరిష్టం వాళ్ళది.

బెలార్మినోకు అరవై రెండు. భార్య పోయి ఏడేళ్ళు. ఎర్మిందాకు యాభై ఎనిమిది. మొగుడు ప్లుతార్కో పోయి నాలుగేళ్ళు. ఇద్దరి చేలకూ నడుమ ఉన్నది ఒకటే రాళ్ళ గట్టు. పోయిన మార్చిలో ఆ గట్టు దగ్గరే అతను తన మనసులో మాట చెప్పాడు. చెప్పాననే అనుకున్నాడు.

"మా ఇంట్లో పొయ్యి ఈమధ్య సరిగా రాజుకోవట్లేదు, దోన్యా ఎర్మిందా. ఒక్కడికి మూడు గదులంటే ఎక్కువే" అన్నాడు.

ఆమె పార కర్ర మీద గడ్డం ఆనించుకుని కాసేపు అతని బూట్ల వంక చూసింది. "చూద్దాం లెండి" అంది. "మేలో బొగొతా బస్సుంది గదా. తమరూ రండి. ఆ కొండెక్కి దిగాక మాట్లాడుకుందాం."

ఆ మాటను అతను రెండు నెలలుగా నెమరేస్తున్నాడు. ఎంత నమిలినా చేదే తగులుతోంది. తమ బొయకా సీమలో మనిషి మొహం మీద కాదనడం లేదు. ఎవరన్నా వచ్చి కాడెద్దులు అడిగితే ఇవ్వనని ఎవరూ అనరు. ఎద్దుకు గిట్ట పుండైందంటారు. అడిగినవాడు కూడా, ఏదీ చూపించమనడు. "అయ్యో పాపం, ఉప్పునీళ్ళతో కడగండి" అని చెప్పి వెళ్ళిపోతాడు. ఇద్దరి మర్యాదా దక్కుతుంది. ఎర్మిందా చూపిస్తున్న గిట్ట పుండు ఆ కొండేమోనని బెలార్మినో అనుమానం.

అనుమానానికి కారణం ఉంది. ఆ కారణాన్ని పొద్దుటి ఫలహారం దగ్గర నెపో నలుగురికీ వినపడేట్టు బయటపెట్టాడు.

నెపో క్యారెట్ రైతు. నోరు పెద్దది. చౌకు వెనక సందులో, పొగ పట్టిన హోటల్లో బల్ల చుట్టూ కూర్చుని అందరూ వేడి చాక్లెట్‌లో చీజు ముక్కలు వేసుకుని అవి కరిగేదాకా చూస్తున్నారు. నెపో చెంచాతో తీగ సాగదీస్తూ అన్నాడు: "ఏం బెలార్మినో, ఇంటి దగ్గర ఒక గొర్రెను మేపుతున్నా. ఎవరి కోసమో తెలుసా?"

"నీ కోసమే అయ్యుంటుంది."

"నీ పెళ్ళి భోజనానికిరా! కానీ మీరిద్దరూ మొన్సెర్రాతె ఎక్కుతారని విన్నా. అట్టయితే రేపే దాన్ని సంతకు తోలేస్తా."

బల్ల చుట్టూ నవ్వులు. పెళ్ళికాని జంట కలిసి ఆ కొండెక్కితే ఇక ఆ పెళ్ళి జరగదని బొగొతాలో చంటిపిల్లకు కూడా తెలుసు. బొయకాలో చంటిపిల్ల తాతకు కూడా తెలుసు.

"నీ గొర్రె నీ ఇష్టం" అన్నాడు బెలార్మినో. ఓరకంటితో ఎర్మిందాను చూశాడు. ఆమె రొట్టె తుంచి చాక్లెట్‌లో ముంచుకుంటోంది. విన్నదో లేదో మొహం చూస్తే తెలియలేదు. చెవులు మాత్రం శాలువాలోంచి బయటికే ఉన్నాయి.

ఆమెకు ఆ సంగతి తెలియకపోవడం కుదరదు. వయసులో ఉండగా ఆరేళ్ళు ఈ ఊళ్ళోనే ఒక డాక్టరు గారింట్లో వంటపని చేసింది. తెలిసే పిలిచింది. తెలిసే పిలిచిందంటే, తను కాదనే పని లేకుండా కొండ చేత కాదనిపిస్తుంది. అంతేగా? ఇంకోలా ఎటు తిప్పి చూసినా అతనికి లెక్క కుదరలేదు.

ఫలహారమయ్యాక ఇద్దరూ రాతి వీధులెంట కొండ వైపు నడిచారు. ఎవడో మనిషి ఎదురొచ్చి ఒక కాగితం చేతిలో పెట్టబోయాడు. కళ్ళద్దాల కొట్టు కాగితం. బెలార్మినో చేతులు రెండూ రువానాలోకి లాక్కున్నాడు. ఈ ఊళ్ళో కాగితాలకు మందు పూసి ఇస్తారని, వాసన తగిలితే మనిషికి మతి పోయి అడిగినవన్నీ ఇచ్చేస్తాడని తమ పల్లెలో ముందే చెప్పి పంపారు.

ఎర్మిందా కాగితం తీసుకుంది. చదివింది. మడిచి సంచీలో పెట్టుకుంది.

"తమరట్టా ముట్టుకోకూడదు" అన్నాడు.

"అద్దాలు మార్పించాలి నేను" అంది. మళ్ళీ కాస్త దూరం పోయాక, "బొగొతాలో దొంగలు లేరనను. కానీ ప్రతివాడూ దొంగైతే, వాళ్ళు దోచుకునేది ఎవర్ని?" అంది.

ఆ మాటలో తనకేమన్నా తగిలించిందా అని ఆలోచిస్తూ నడిచాడు.

కొండ కింద స్టేషను దగ్గర జనం బారు తీరి ఉన్నారు. అక్కడి నుంచి పట్టాల మీద నిట్టనిలువుగా కొండెక్కే బండి పోతుంది. పైనుంచి ఒక ఉక్కు తాడు దాన్ని లాగుతుంది. పక్కనే కాలిబాట ఉంది. మొక్కున్నవాళ్ళు, ఒంట్లో కొవ్వు కరగాలనుకునేవాళ్ళు ఆ బాట పడతారు.

బారు కదులుతోంది. ముందు పదిమంది. ఎనిమిది మంది. కలిసి ఎక్కడం అంటే ఏది? ఒకే బండిలో పక్కపక్కన కూర్చోవడమేగా. ఒకరు బండిలో, ఒకరు కాలినడకన పోతే అది కలిసి ఎక్కినట్టు కాదు. ఈ ఉపాయం అతనికి బస్సులోనే తట్టింది. ఆమె ఎత్తు ఆమె వేస్తే, తన ఎత్తు తనకుంది.

"దోన్యా ఎర్మిందా, తమరు బండిలో రండి. నేను నడిచి వస్తా."

"అదేంది?"

"తాడు కట్టి లాగే బండి నేనెక్కను. తెగితే?"

ఆమె అతని మొహం చూసింది. తర్వాత తాడు వంక చూసింది. మనిషి మణికట్టంత లావుంది అది. మళ్ళీ అతని మొహం చూసింది.

"సరే. తమ ఇష్టం" అంది. అంతే. ఒక్క మాట ఎదురు చెప్పలేదు, ఉండమని బతిమాలలేదు. తలుపు దగ్గర తల వంచి లోపలికి వెళ్ళి, కిటికీ పక్కన కూర్చుని, సంచీ ఒళ్ళో పెట్టుకుంది. బండి కదిలింది. ఆమె వెనక్కి చూడలేదు.

బెలార్మినో మెట్లెక్కడం మొదలుపెట్టాడు. అతనికి కొండలు కొత్త కాదు. అడుగు పక్కకు వేసి, ఒగర్పు రాకుండా, బస్తా మోసేవాడి నడక నడిచాడు. బిగుతు బట్టలేసుకున్న పట్నం కుర్రాళ్ళు పరిగెత్తుతూ అతన్ని దాటిపోయారు, తర్వాత మలుపులో చతికిలబడి నీళ్ళు తాగుతూ కనిపించారు. ఒకామె మోకాళ్ళ మీద ఎక్కుతోంది. ఆమె కూతురు కాబోలు, ఒక్కో మెట్టు మీదా దుప్పటి మడిచి వేస్తోంది.

సగం దూరం పోయేసరికి ఆ "సరే. తమ ఇష్టం" అతన్ని పట్టుకుంది. ఎందుకంత తేలిగ్గా వదిలేసింది? పెళ్ళి చెడగొట్టడానికి కలిసి ఎక్కాలనుకున్న మనిషైతే చెయ్యి పట్టుకుని లాక్కుపోవాలి గదా. లేదూ, పెళ్ళి కావాలనుకున్న మనిషైతే, అమ్మయ్య అని మొహం వెలగాలి గదా. రెండూ లేవు. మరి పైన ఏముంది? ఎవరున్నారు? డాక్టరు గారింట్లో ఆరేళ్ళు పనిచేసిన పిల్లకు ఈ ఊళ్ళో తెలిసినవాళ్ళు ఉండకపోతారా?

మలుపులో రేకు కప్పు కింద ఒక లావుపాటి ఆమె కుండలో బెల్లం నీళ్ళు కాస్తోంది. వాసనకు అతని కాళ్ళు వాటంతటవే ఆగాయి.

"రండి, కూర్చోండి దోన్. నిమ్మకాయ పిండనా?"

కప్పు అందుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆమె వంక చూశాడు. "ముందు తమరు ఒక గుక్క తాగండి" అన్నాడు.

ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని ఆకాశం అదిరేట్టు నవ్వింది. "బొయకా మనిషా! రువానా చూస్తేనే అనుకున్నా." అతని కప్పులోంచే గరిటెడు తీసి, తాగి, పెదాలు తుడుచుకుంది. "బతికే ఉన్నా. తాగండిక. మీ జంట బండిలో పోయిందా?"

బెలార్మినో కప్పు నోటి దగ్గరే ఆపేశాడు. "తమకెట్టా తెలుసు?"

"ఇరవై రెండేళ్ళుగా ఈ రాయి మీదే కూర్చున్నా. ఈ దారిన ఒంటరిగా వచ్చే మగాళ్ళు రెండు రకాలు. మొక్కున్నవాళ్ళు కిందికి చూసుకుంటా పోతారు. మీలాంటోళ్ళు పట్టాల వైపు చూసుకుంటా పోతారు. వారానికి నలుగురు తగులుతారు. కింద విడిపోయి పైన కలిసేవాళ్ళు."

అతను కప్పు కింద పెట్టాడు. అడగాలా వద్దా అని కాసేపు ఊగి, అడిగేశాడు. "పనిచేస్తుందా?"

"ఎందుకు చెయ్యదు? నేనూ మా ఆయనా విడివిడిగానే ఎక్కాం. పెళ్ళయింది."

"మరింకేం."

"అయ్యాక ఆయన విడిగానే దిగాడు. ఇప్పుడు కాలి నగరంలో ఉన్నాడట, వేరే ఆమెతో." మళ్ళీ నవ్వింది. "ఇంకో కప్పు పొయ్యనా?"

వద్దని లేచాడు. మిగిలిన మెట్లు అతను బస్తా నడక నడవలేదు. రెండేసి మెట్లు ఎక్కాడు.

పైన చలిగాలి. చర్చి ముందు దారి పొడుగునా శిలువ యాత్ర విగ్రహాలు, మనిషంత ఎత్తువి, నల్లగా నిలబడి ఉన్నాయి. వాటి అవతల పిట్టగోడ. పిట్టగోడ కింద బొగొతా అంతా పరుచుకుని ఉంది, అంచు ఎక్కడో తెలియనంత దూరం. బెలార్మినో దాని వంక చూడలేదు. పిట్టగోడ దగ్గర ఎర్మిందా ఒక మగాడితో మాట్లాడుతోంది.

నల్లకోటు మనిషి. జుట్టుకు నూనె రాసి దువ్వాడు. చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. ఆమె నవ్వింది. గట్టు దగ్గర నాలుగేళ్ళలో ఆమె అంత నవ్వడం అతను చూడలేదు.

దగ్గర్లో ఉన్న విగ్రహం వెనక్కి జరిగాడు. క్రీస్తుకు శిలువ మోయడంలో సాయపట్టిన మనిషి విగ్రహం అది. దాని మోచేతి సందులోంచి చూశాడు. నల్లకోటువాడు ఆమె భుజం పట్టి కొంచెం పక్కకు తిప్పాడు. బెలార్మినో పళ్ళు బిగుసుకున్నాయి. తీసుకొచ్చింది ఇందుకా? చూసి, తనంతట తనే తెలుసుకుని వెళ్ళిపోవాలనా?

"ఆ విగ్రహం వెనక టోపీ తమదే గదా, దోన్ బెలార్మినో" అంది ఎర్మిందా, ఇటు తిరక్కుండానే. "ఇవతలికి రండి. ఆ పుణ్యాత్ముడు మోస్తున్న బరువు చాల్లే."

వచ్చాడు. ఇంకేం చేస్తాడు. నల్లకోటువాడి మెడలో కెమెరా వేలాడుతోంది. "ఈయనేనా అమ్మా, ఫోటోలో రెండో మనిషి?" అన్నాడు.

"ఇంకా తెలవదు. తమరు అటు ఒక చుట్టు తిరిగి రండి" అంది ఆమె. ఫోటోగ్రాఫరు ఇద్దర్నీ చూసి, ఇట్టాంటివి చాలా చూసినవాడిలా తలూపి వెళ్ళిపోయాడు.

ఇద్దరే మిగిలారు. గాలికి ఆమె శాలువా అంచు కొట్టుకుంటోంది.

"తాడంటే భయమన్నారు" అంది.

"ఆఁ."

"పోయినేడు నా దూడ బావిలో పడితే తాడు పట్టుకుని దిగింది ఎవరు?"

అతను టోపీ తీసి చేతిలో తిప్పాడు. చివరికి, "తమకు ఆ మాట తెలుసా?" అన్నాడు.

"కలిసి ఎక్కితే పెళ్ళి జరగదనేదా? ఆరేళ్ళు ఈ ఊళ్ళో గిన్నెలు తోమాను. తెలవకుండా ఉంటదా."

"తెలిసే రమ్మన్నారు."

"తెలిసే రమ్మన్నాను."

"అయితే సరే" అన్నాడు. టోపీ పెట్టుకున్నాడు. అర్థమైన మనిషి చేయాల్సిన పని అదే. మర్యాదగా వెళ్ళిపోవాలి. మెట్ల వైపు తిరిగాడు.

"ఏంది సరే?" ఎర్మిందా గొంతు ఒక్కసారి లేచింది. మైనపు ఒత్తులు అమ్మే ముసలాయన తిరిగి చూశాడు. "ఏమర్థమైంది తమకు? నేను నోరు తెరవకముందే అన్నీ అర్థమైపోతాయి తమకు! నిలబడండి అక్కడ."

నిలబడ్డాడు.

"నాకప్పుడు ఇరవై నాలుగు. మా నాయన ప్లుతార్కోకి మాటిచ్చేశాడు. వద్దనే నోరు నాకు లేదు. మనవాళ్ళలో ఎవరికుంది? ప్లుతార్కో నన్ను చూడ్డానికి ఈ ఊరొస్తే, నేనే ఈ కొండకు తీసుకొచ్చాను. బండిలో పక్కన కూర్చుని చెయ్యి కూడా పట్టుకున్నా. ఈ కొండే ఏదన్నా చేస్తుందని. పైకొచ్చాక మొదటిసారి శాపం సరిగా అంటలేదేమోనని కిందికి దిగి, రెండోసారి ఎక్కించాను. ఆయన నాకు కొండంటే ఎంతిష్టమో అనుకున్నాడు."

బెలార్మినోకు నవ్వొచ్చింది. ఆమె మొహం చూసి మింగేశాడు.

"మూడు వారాలకు పెళ్ళయింది. ముప్పై ఏళ్ళు. ఆ ముప్పై ఏళ్ళు ఎట్టా గడిచాయో గట్టు అవతలి నుంచి తమరూ విన్నారు." ఆమె మడమతో కింది రాతిని తట్టింది. "ఇది ఒట్టి రాయి, బెలార్మినో."

పేరు ముందు దోన్ అని మర్యాద తగిలించలేదని అతను గమనించాడు. దాన్ని ఏ వైపు వేసుకోవాలో తోచలేదు.

"మరి నన్నెందుకు తీసుకొచ్చారు?"

"ఏమంటారో చూద్దామని. 'నేను ఆ కొండెక్కను, నాకు నువ్వు కావాలి' అంటారేమో అనుకున్నా. లేదూ, ఏమైతే అయిందని పక్కన కూర్చుంటారేమో అనుకున్నా. రెండిట్లో ఏదైనా నాకు సరిపోయేది. తమరు నెపం తాడు మీద పెట్టి పోయారు."

"మార్చిలో అడిగాను గదా."

"ఏమడిగారు?"

"అదే. గట్టు దగ్గర."

"పొయ్యి రాజుకోవట్లేదన్నారు! అది పెళ్ళి మాటో, వంటమనిషి కావాలన్న మాటో నాకేం తెలుసు? రెండు నెలలుగా అదే ఆలోచిస్తున్నా. జీతానికి ఎవరూ దొరకలేదేమో, నేనైతే ఊరికే వస్తానని అనుకున్నాడేమో అని."

గట్టుకు అవతల కూడా అనుమానం మొలుస్తుందని, ఆమె కూడా రాత్రిళ్ళు ఒక్క మాటను ఇటు తిప్పి అటు తిప్పి చూస్తుందని అతనికి ఏ రోజూ తట్టలేదు. తన బూట్ల వంక ఆమె ఎందుకంత సేపు చూసిందో ఇప్పుడు తెలిసింది. మనిషి ఏమంటున్నాడో మొహంలో దొరక్క, కాళ్ళ దగ్గర వెతికింది.

"వంటకు కాదు" అన్నాడు.

"మరి దేనికి?"

చుట్టూ చూశాడు. ముసలాయన మైనపు ఒత్తులు సర్దుతున్నట్టు నటిస్తున్నాడు. నల్లకోటువాడు అవతలి విగ్రహం దగ్గర నిలబడి వింటున్నాడని ఖాయంగా తెలుసు. ఒక్కో మాటా దుంపలాగా తవ్వి తీయాల్సి వచ్చింది.

"నన్ను పెళ్ళి చేసుకుంటావా, ఎర్మిందా?"

అతను ఆమె కళ్ళు, చేతులు, శాలువా ముడి, అన్నీ వరసగా చదవబోయాడు.

"చదవకండి" అంది. "నోటితోనే చెబుతా. చేసుకుంటాను."

అతను ఆగాడు. దాని వెనక 'కానీ', 'అయితే', 'దేవుడి దయ' వంటిది ఏదో వస్తుందని చూశాడు. వచ్చింది.

"నేను మీ ఇంటికి రాను. తమరే మా ఇంటికి రావాలి. ముప్పై ఏళ్ళు ఒకరింట్లో ఉన్నా. ఆయన పోయాకే అది నా ఇల్లయింది. దాన్ని మళ్ళీ వదల్ను."

ఇల్లరికం. అరవై రెండేళ్ళకు. బెలార్మినోకు ముందు నెపో నోరు కనిపించింది, బారెడు తెరుచుకుని. తర్వాత తన మూడు గదులు, వాటికి తండ్రి తన చేత్తో చేసిన తలుపులు. ఊరంతా ఏమంటుందో ఒక్కొక్కరి గొంతులో వినిపించింది. ఎర్మిందా తొందరపెట్టలేదు. ఎదురుగా నిలబడి, వస్తానన్నా రానన్నా ఇక్కడే వింటానన్నట్టు చూస్తోంది.

"నాకు కుక్కుంది" అన్నాడు.

"తెలుసు. కరుస్తుందది."

"కొత్తవాళ్ళనే."

"అయితే వారం ముందు దాన్ని పంపండి. నాకు అలవాటు పడనీ. కుక్క సంగతి సరే. తమరొస్తారా, రారా?"

"వస్తాను" అన్నాడు.

అన్ని మెట్లెక్కిన నొప్పి ఒక్కసారిగా వచ్చి తొడల్లో కూర్చుంది. పిట్టగోడ పట్టుకుని మెల్లిగా రాతి మీద కూలబడ్డాడు. ఎర్మిందా సంచీ కింద పెట్టి, అతని పక్కనే, కాస్త ఎడంగా కూర్చుంది. ఫోటోగ్రాఫరు చెయ్యెత్తి ఇప్పుడు రావచ్చా అని సైగ చేశాడు. కాసేపు ఆగమని ఆమె చెయ్యూపింది.